పోటు వేళకు తెగే లైను

సూర్యలంకలో నెత్తళ్ళు ఎండబెట్టడం రత్తాలుకి వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. ఆ మాట ముందు రత్తాలే అంటుంది, తర్వాత మిగతావాళ్ళు ఒప్పుకుంటారు. పొద్దున్నే ఒడ్డుకెళ్ళి చేపల బుట్ట తెచ్చుకుని, మంచినీళ్ళలో మూడుసార్లు కడిగి, కర్రల మీద ఎత్తుగా కట్టిన పాత వల మీద పరుస్తుంది. ఇసుకలో పరిచేవాళ్ళంటే ఆవిడకి గిట్టదు. "ఇసుకలో ఎండిన చేప కూరలో పడ్డాక కూడా కరకరమంటది. తినేవాడు తిట్టేది ఎవర్ని? ఎండేసినదాన్ని" అంటుంది. గంటకోసారి ఒక్కొక్కటీ తిరగేస్తుంది. తలలన్నీ ఒకే వైపుకుండాలి. ఒక్క చేప అడ్డం తిరిగినా ఆ పూట అన్నం సయించదు.

మనుషుల సంగతీ అంతే. ఎవరు ఏ పెళ్ళిలో ఏ మాటన్నారో, ఎవరు పలకరించకుండా పోయారో అన్నీ ఆవిడకి గుర్తే. చదువు లేదు. గడియారంలో అంకెలూ, బస్సు మీద ఊరి పేరులో మొదటి అక్షరమూ పోల్చుకుంటుంది, అంతవరకే. రాసిపెట్టుకోవడం రాదు గనక అన్నీ మనసులో పెట్టుకుంది. మనసులో పెట్టుకున్నదాన్ని చెరపడం ఇంకా రాదు.

సముద్రానికి పగటి పోటు ఎక్కే వేళకి మాత్రం చేపల దగ్గర్నుంచి లేచి వెనక వసారాలోకి పోయి కూర్చుంటుంది. అది ఆవిడ మొగుడు కొండలరావు వచ్చే వేళ.

కొండలరావు సముద్రంలో పోయి పదకొండేళ్ళు. మనిషి కనపడడు. తడి అడుగులు కనపడతాయి. నీటి అంచు దగ్గర మొదలై, ఇసుక దాటి, సిమెంటు రోడ్డు దాటి, ఇంటి మెట్టెక్కి గడప ముందు ఆగుతాయి. ఎడమ పాదానికి చిటికెన వేలుండదు. ఆ వేలు ఎప్పుడో మోకు పడి తెగిపోయింది, అంచేత ఇది కొండలరావు కాదు వేరెవరో అనడానికి లేదు. గడప బయట అరగంట నిలబడతాడు. నిలబడ్డంతసేపూ మనిషి ఎత్తున ఉప్పునీటి వాసన, కింద చిన్న మడుగు. పోటు తిరిగాక మడుగు ఆరిపోతుంది. రాత్రి పోటుకి రాడు. బతికున్నప్పుడు కూడా ఆయన రాత్రుళ్ళు ఇంట్లో ఉన్నది తక్కువ.

ఊళ్ళో ఇదేం కొత్త కాదు. శవం దొరకనివాళ్ళు అలా వస్తూనే ఉంటారు. సముద్రం మీద నుంచి వచ్చినవాడు ఉప్పు కాళ్ళతో గడప దాటకూడదు. ఇంటి ఆడమనిషి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోయాలి. బతికొచ్చినవాడికైనా, చచ్చొచ్చినవాడికైనా అదే పద్ధతి. పోస్తే లోపలికొస్తాడు, ఇల్లు చూసుకుంటాడు, ఇంక మళ్ళీ రాడు. మూడిళ్ళవతల లక్ష్మీతిరుపతమ్మ తండ్రి మూడు నెలలొచ్చాడు. వాళ్ళమ్మ నీళ్ళు పోసింది, ఆయన వెళ్ళిపోయాడు, వాళ్ళు పెద్దకర్మ చేసుకున్నారు.

రత్తాలు పదకొండేళ్ళయినా చెంబు ఎత్తలేదు.

ఎత్తకపోవడానికి కారణం ఊరందరికీ తెలుసు. ఆ రోజు నిజాంపట్నం హార్బర్లో తుఫాను హెచ్చరికగా మూడో నెంబరు జెండా ఎగరేశారు. పడవ కొండలరావు తమ్ముడు పిచ్చయ్యది. వేసిన వలలు సముద్రంలో ఉన్నాయి, తెచ్చుకోవాలి. వస్తానన్న పిచ్చయ్య తీరా బయల్దేరే వేళకి కడుపునొప్పని పడుకున్నాడు. కొండలరావు కొడుకుని లేపాడు. "మూడే గదా, పదో నెంబరు కాదుగా" అని రత్తాలు మాట తీసేసి, ముప్ఫై నిండిన మణికంఠని పడవెక్కించాడు. రెండో రోజుకి మణికంఠ శవమై ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. కొండలరావు రాలేదు. తర్వాత వారం నుంచీ అడుగులు రావడం మొదలైంది.

"నా కొడుకుని తీసుకెళ్ళినోడు నా కొడుకుతో రావాలి. ఒక్కడే వస్తే నీళ్ళేంటి" అంది రత్తాలు. ఎదురింట్లో ఉండే మరిది పిచ్చయ్యతో అప్పట్నుంచీ మాటల్లేవు. తను మంచానపడి పోయేదాకా ఉండవని కూడా చెప్పింది.

మణికంఠ పెళ్ళాం భువనేశ్వరి రేపల్లెలో రొయ్యల షెడ్డులో చేస్తుంది, వారానికోసారి వస్తుంది. పొద్దుట్నుంచీ ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలవడం. ఆమె వేళ్ళ చివర్లు నానిపోయి తెల్లగా ఉంటాయి, జడ వేసుకోవాలంటే పట్టు దొరకదు. వాళ్ళ పిల్ల ప్రత్యూష నాయనమ్మ దగ్గరే పెరిగింది. బాపట్లలో డిగ్రీ అయింది. ఏడాదిగా ఉద్యోగం లేదు. ఇంకో వారంలో ఏదీ రాకపోతే పిల్లని కూడా షెడ్డులో పెడతానని భువనేశ్వరి అక్కడి మేస్త్రీకి మాటిచ్చేసింది.

"నా మనవరాలు రొయ్యలు ఒలవడానికి పుట్టలేదు" అంది రత్తాలు.

"నేను పుట్టానా అత్తా?" అంది భువనేశ్వరి.

అలాంటప్పుడు హైదరాబాదు కంపెనీ నుంచి పిలుపొచ్చింది. డాక్టర్లు చెప్పిన మాటలు చెవిలో వింటూ టైపు కొట్టే పని, ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చు. శనివారం మూడింటి నుంచి ఆరింటి దాకా పరీక్ష. అదీ ఇంటి నుంచే రాయాలి. రేపు పని చేసేది ఆ ఇంట్లోనే గనక ఇంటి లైను కూడా పరీక్షలో భాగమేనన్నారు. మధ్యలో లైను తెగితే పరీక్ష అక్కడితో మూసుకుపోతుంది, రెండోసారి లేదు. ఫోను నుంచి తీసుకున్న నెట్టు పనికిరాదు. ల్యాప్‌టాపులో సాఫ్ట్‌వేరు కొత్త వెర్షన్ ఉండాలి.

ప్రత్యూషది సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాపు. కొత్త వెర్షన్ ఎక్కడానికి ఒక పగలంతా పట్టింది. ఎక్కిన దగ్గర్నుంచీ వైఫై నిలవడం మానేసింది. పది నిమిషాలుంటుంది, పోతుంది. మళ్ళీ వస్తుంది, పోతుంది.

ఆ వైఫై పెట్టె ఉన్నది ఎదురింట్లో. అంటే పిచ్చయ్య ఇంట్లో. వాళ్ళు పెట్టించుకున్నప్పుడే పిచ్చయ్య పెళ్ళాం పిల్లని పిలిచి పాస్‌వర్డ్ చెప్పింది. తీగ కూడా లాగుతామన్నారు. అప్పుడు రత్తాలు చేసిన తీర్మానం ఇది: "వాళ్ళ తీగ నా గడప తొక్కడానికి వీల్లేదు. గాలిలో వచ్చేది రానీ. గాలి ఎవడబ్బ సొమ్మూ కాదు."

ప్రత్యూష రేపల్లెలో ఉన్న స్నేహితురాలు షారోన్‌కి ఫోను చేసింది.

"ఆ నెట్‌వర్క్‌ని మర్చిపొమ్మని చెప్పి మళ్ళీ కలుపు" అంది షారోన్.

"చేశా."

"రౌటర్ ఆపి ఒక నిమిషమాగి వెయ్యి."

"నాలుగుసార్లు చేశా. చిన్నతాత వాళ్ళింటికి పోయొచ్చినప్పుడల్లా మా నాయనమ్మ నన్ను అంటు మనిషిని చూసినట్టు చూస్తంది."

"అయితే తెనాలి తీసుకుపోవే. అక్కడ జాన్సన్ అని ఒక మెకానిక్ అన్నయ్య ఉన్నాడు. మా అన్న ల్యాప్‌టాపు ఆయనే బాగుచేశాడు."

సోమవారం నాయనమ్మా మనవరాలూ బాపట్లలో ప్యాసింజరెక్కి తెనాలిలో దిగారు. రత్తాలుని రమ్మని ఎవరూ అనలేదు. షాపువాడు లోపలి మంచి సామాను తీసేసి పాతది పెడతాడని ఆవిడ భయం.

జాన్సన్ షాపు ఒక మేడ మీద చిన్న గది. నలభయ్యేళ్ళ మనిషి, నిదానస్తుడు. ల్యాప్‌టాపు విప్పబోతూ తన చేతుల వంకే చూస్తున్న ముసలావిణ్ణి చూసి నవ్వాడు.

"ఏంటి పెద్దమ్మా, అంత దగ్గరకొచ్చారు?"

"నువ్వేం మారుస్తావో చూస్తన్నా నాయనా."

"అయితే ఈ స్క్రూలు మీరే పట్టుకోండి. తొమ్మిదున్నాయి. మళ్ళీ లెక్కపెట్టి ఇవ్వాలి."

రత్తాలు తొమ్మిది స్క్రూలూ గుప్పిట్లో పట్టుకుని గంటసేపు కదలకుండా కూర్చుంది. మళ్ళీ బిగించాక వేలితో తడిమి, "ఈ మూలది లోపలికి దిగలేదు" అంది. జాన్సన్ చూశాడు, నిజమే. తీసి సరిగా బిగించాడు. దాంతో ఆవిడకి ఆ మనిషి మీద గురి కుదిరింది. తప్పు చెబితే దిద్దుకునేవాళ్ళు లోకంలో తక్కువ.

"వస్తువుకేం కాలేదమ్మా" అన్నాడు జాన్సన్ ప్రత్యూషతో. "కొత్త వెర్షన్ వచ్చాక బ్యాటరీ మిగల్చాలని వైఫైని అదే నిద్రపుచ్చేస్తంది. ఇదిగో, ఈ టిక్కు తీసేశా. ఇక నిద్రపోదు. ఇంకోటుంది. వైఫైని నడిపే పాత డ్రైవరు సిగ్నల్ ఎంత సన్నబడినా పట్టుకు వేళ్ళాడేది. కొత్తదానికి అంత ఓపిక లేదు. కొంచెం సన్నబడితే వదిలేస్తది. పాతది ఎక్కించి చూశా, ఎక్కనివ్వట్లేదు."

సాయంత్రం దాకా అక్కడే కూర్చుని చూశారు. ఒక్కసారి కూడా తెగలేదు.

"ఇంటికెళ్ళాక తెగితే మీ ఇంటి దగ్గరే ఏదో ఉన్నట్టు" అన్నాడు జాన్సన్. "రౌటర్‌కీ ల్యాప్‌టాపుకీ మధ్యలో ఏముంది? ఇనప బీరువా గానీ, నీళ్ళ ట్యాంకు గానీ? నీళ్ళడ్డం ఉంటే సిగ్నల్‌ని మింగేస్తయ్."

"ఏం లేదు అన్నయ్యా. రోడ్డూ, మా గుమ్మం. అంతే."

"అయితే ఒక పని చెయ్యండి. తెగినప్పుడల్లా టైం రాయండి. నాలుగు రోజులు రాస్తే రోగం అదే బయటపడిద్ది."

ఇంటికొచ్చాక దాదాపు రోజంతా లైను నిలబడుతోంది. మంగళవారం పొద్దున్న, పదకొండింటికి, పన్నెండింటికి మూడు గీతలూ నిండుగా ఉన్నాయి. ప్రత్యూష నాయనమ్మకి కూడా చూపించింది, స్క్రీను మూలన గొడుగులా ఒకదాని మీద ఒకటి ఉండే గీతలు, నిండుగా ఉంటే మంచిది, ఖాళీ అయితే చెడ్డది. కానీ రోజుకోసారి, ఒక్కసారంటే ఒక్కసారి, అరగంటసేపు ఖాళీ అయిపోతున్నాయి. ప్రత్యూష తలుపుకి వీపు పెట్టి కూర్చుని, చెవులకి ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, ఎన్ని నొక్కినా ఆ గీతలు రావు. మళ్ళీ వాటంతట అవే వస్తాయి. ఆమె కాగితం మీద టైం రాసి గోడకి అంటించింది.

శుక్రవారం సాయంత్రం రత్తాలు దీపం వెలిగించడానికి లోపలికొచ్చి ఆ కాగితం ముందు ఆగింది. అక్షరాలు పట్టించుకోలేదు. అంకెలు చూసింది. ఒంటిగంటా ఐదు. రెండింటికి ఐదు తక్కువ. మూడింటికి పావు తక్కువ. మూడున్నర దాటి ఐదు.

"ఈ పోటు లెక్క నీకెవరు చెప్పారే?" అంది.

"పోటు లెక్కేంటి? లైను తెగిన టైములు."

"రోజుకి యాభై నిమిషాలు ఆలస్యమవుతంది చూడు. మంగళవారం పోటు ఒంటిగంటా ఐదుకే గదా. ఇవాళ మూడున్నర దాటాక. రేపు నాలుగుంబావు దాటి పది."

ఇద్దరూ గుమ్మం వైపు చూశారు. గడప బయట మడుగు ఇంకా పూర్తిగా ఆరలేదు.

ప్రత్యూష జాన్సన్‌కి ఫోను చేసింది. "అన్నయ్యా, మా తాత. గుమ్మంలో నిలబడతాడు. సముద్రంలో పోయాడు."

"ఎంతసేపు నిలబడతారమ్మా?"

"అరగంట."

"మనిషి ఎలా ఉండేవారు? లావా?"

"ఆరడుగులు."

"ఆరడుగుల ఉప్పునీళ్ళు" అన్నాడు జాన్సన్, లెక్క వేసుకుంటున్నట్టు. "ఇంకేం మరి, అదే. పాత వెర్షన్‌కి ఓపికుండేది గనక ఇన్నాళ్ళూ తెలియలేదు. బయట తగిలించే యాంటెన్నా తెప్పిస్తే వారం పడిద్ది. రేపే పరీక్షంటున్నావ్. ఎదురింటి నుంచి తీగ లాగండి. ముప్ఫై మీటర్లు చాలు, గంటలో పనైపోయిద్ది."

ప్రత్యూష ఫోను పెట్టేసి నాయనమ్మ వంక చూసింది. ఆవిడ అప్పటికే తల అడ్డంగా ఊపుతోంది.

"ఒక్కరోజే నాయనమ్మా. పరీక్షయ్యాక నేనే పీకేస్తా."

"కడుపునొప్పని పడుకున్నోడి తీగ."

"నా ఉద్యోగం నాయనమ్మా."

"వేరే దారి చూడు."

"వేరే దారి నీ చేతిలోనే ఉంది! నీళ్ళున్నయ్, చెంబుంది. బతికున్నోళ్ళతో మాట్లాడవు, చచ్చినోళ్ళకి నీళ్ళు పొయ్యవు. నీ పంతాల మధ్య నేను పోయి రొయ్యలు ఒలవాలి. మా నాన్న నీకు కొడుకేగా, నాకు నాన్న కాదా? నేను చిన్నతాతని తిట్టానా? తాతని తిట్టానా? అందరి కోపమూ నువ్వొక్కదానివే మోస్తన్నట్టు..." పిల్ల మాట పూర్తి చెయ్యలేక బయటికి పోయి చేపల వల పక్కన నిలబడింది.

రత్తాలు మీద ఊళ్ళో ఎవరూ అలా గొంతు లేపలేదు. లేపితే ఆ మాట ఏ ఏడాదిదో ఎప్పటికీ గుర్తుంటుంది. ఈ మాటని మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకి తోచలేదు.

శనివారం పొద్దున్న భువనేశ్వరి వచ్చింది. పరీక్ష సంగతి విని, "అవుద్దో అవదో. సోమవారం తీసుకొస్తానని చెప్పేశా అత్తా" అంటూ చేతులకి కొబ్బరినూనె రాసుకుంది. నూనె రాస్తుంటే ఆ వేళ్ళు మండి పెదవి కొరుక్కుంది. రత్తాలు చూడనట్టే చూసింది.

మూడింటికి ప్రత్యూష కిటికీ పక్కన కూర్చుంది. గదిలో ఇంకెవరూ కనపడకూడదన్నారు గనక భువనేశ్వరి ఎదురింటికి పోయింది. గాలి ఆడకపోతే సిగ్నల్ రాదేమోనన్న అనుమానంతో రత్తాలు తలుపు బార్లా తీసి పెట్టింది. వెనక వసారాలోకి పోయింది. కాసేపు కూర్చుంది. లేచింది. గాబులో చెంబు ముంచింది. నిండుగా ముంచి, అంచుదాకా ఉంటే దారిలో ఒలుకుతుందని కాస్త వంచేసి, అది తక్కువైందనిపించి మళ్ళీ ముంచింది. ఇంటి చుట్టూ తిరిగి ముందుకొచ్చి మెట్టు మీద కూర్చుంది.

నాలుగుంబావుకి నీటి అంచున మొదటి అడుగు పడింది. వరుసగా వస్తున్నాయి, తొందర లేకుండా. రోడ్డు మీద వస్తున్న చేపల బుట్టల ఆడవాళ్ళు దారిచ్చి పక్కకి జరిగారు. రత్తాలు చేతిలో చెంబు చూసి ఇంకొంచెం జరిగారు, చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అడుగులు మెట్టెక్కాయి. చిటికెన వేలు లేని పాదం ఆవిడ మోకాలి పక్కనే ఆగింది. లోపల స్క్రీను మూలన ఒక గీత ఖాళీ అయింది. రత్తాలుకి కనపడుతూనే ఉంది.

"మూడో నెంబరేశారని చెప్పాను" అంది మెల్లగా, లోపలికి వినపడకుండా. "చెప్పానా లేదా? అన్నంలో కూరేసుకుంటా, వినపడనట్టు నీళ్ళు తాగావు. ఆ రోజు వంకాయ కూర. నాకన్నీ గుర్తే. పిల్లాడు నిద్ర కళ్ళతో చొక్కా తిరగేసి తొడుక్కుంటే నువ్వు నవ్వావు. తిరగేసిన చొక్కాతోనే పోయాడు."

మడుగు పెద్దదైంది. రెండో గీత పోయింది.

"వాడు ఒడ్డుకొచ్చినప్పుడు నడుముకి డబ్బా కట్టుంది. నీళ్ళ మీద తేలే తెల్ల డబ్బా. పడవలో ఉండేది ఒక్కటేగా. తాడు కోసేద్దామన్నారు. వద్దన్నా. కూర్చుని గోళ్ళతో విప్పాను. ముడి కింద ముడి, దాని మీద అడ్డం మెలిక. ఇరవై ఏళ్ళు నీ వలలు బాగుచేసినదాన్ని, నీ ముడి నాకు తెలియదా? ఉన్న ఒక్కటీ వాడికి కట్టి నువ్వు ఖాళీగా దిగావు. తెలుసు నాకు. ఆ రోజే తెలుసు. తెలిసి కూడా నీళ్ళు పొయ్యలేదు."

ఆవిడ ఎవరి ముందూ ఏడ్చే రకం కాదు. ఏడవలేదు.

"నీళ్ళు పోస్తే వెళ్ళిపోతావు గదా" అంది. "నేను తిట్టుకోడానికైనా వస్తన్నావు గదా అనుకున్నా."

ఉప్పునీళ్ళు టప్ టప్ మని రాలుతున్న చప్పుడు ఒకటే. మూడో గీత సగం అయింది. లోపల ప్రత్యూష వీపు బిగుసుకుపోయింది, వేళ్ళు మాత్రం ఆగలేదు.

రత్తాలు లేచి నిలబడింది. "కాలు పెట్టు" అని, ముందు కుడి పాదం మీద, తర్వాత ఎడమ పాదం మీద నీళ్ళు పోసింది. వేళ్ళ సందుల్లో ఇసుక పోయేదాకా పోసింది. సగం సగం కడిగితే ఆవిడకి నచ్చదు. ఆఖరి చుక్క దాకా పోసి, పైట చెంగుతో గడప తుడిచి పక్కకి జరిగింది.

అడుగు గడప దాటింది. ఈసారి ఉప్పు వాసన లేదు. నున్నటి గచ్చు మీద ఒక్కొక్కటే పడుతూ మణికంఠ ఫోటో ముందు ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత ప్రత్యూష కుర్చీ వైపుకి వచ్చి, లైనుకి అడ్డం రాకుండా గోడ పక్కకి జరిగి, పిల్ల వెనకాల నిలబడింది. మూలన గీతలు ఒకటి, రెండు, మూడు నిండాయి. ప్రత్యూష తల తిప్పలేదు. కెమెరా చూస్తోంది, తిప్పకూడదు. కానీ ఆమె మెడ మీద వెంట్రుకలు ఎవరో నిమిరినట్టు కొంచెం కదిలాయి. ఆమె కళ్ళు తుడుచుకోకుండానే టైపు కొడుతోంది.

ఫ్యాను గాలికి గచ్చు మీద తడి అంచుల నుంచి లోపలికి ఆరుతూ వచ్చింది. ముందు మడమలు, తర్వాత అరికాళ్ళు, ఆఖరికి వేళ్ళు. కుడి పాదానివి ఐదు, ఎడమ పాదానివి నాలుగు. తర్వాత ఏమీ లేవు. ఐదు దాటి పది నిమిషాలైంది. పరీక్ష అయిపోవడానికి ఇంకా యాభై నిమిషాలుంది. లైను తెగలేదు.

ఆదివారం ఐదుంబావుకి పోటు. నాలుగున్నర నుంచే రత్తాలు మెట్టు మీద కూర్చుంది. నీటి అంచు నుంచి ఇంటి దాకా ఇసుక పొడిగా, ఎండ్రకాయల గీతలతో ఉంది. లక్ష్మీతిరుపతమ్మ వచ్చి కాసేపు పక్కన కూర్చుని వెళ్ళింది.

సోమవారం మధ్యాహ్నం మెసేజి వచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. ఆ సాయంత్రం ఐదింటికే మొదటి ట్రైనింగు క్లాసు. భువనేశ్వరి షెడ్డు మేస్త్రీకి ఫోను చేసి, "మా పిల్ల రాదండి. రాదండి. ఇంక రాదండి" అని మూడుసార్లు చెప్పి, ఫోను పట్టుకునే ఏడ్చింది. పిచ్చయ్య పెళ్ళాం లడ్డూలు పంపింది. రత్తాలు ముట్టలేదు. ఒక కోపం పోయింది గదా అని రెండోది ఊరికే పోదు.

ఆరింటికి పోటు వేళైంది. రత్తాలు వలమీది చేపలు ఎత్తిపెట్టి ఒడ్డుకి నడిచింది. పదకొండేళ్ళుగా ఒడ్డుదాకా పోయి బుట్ట తెచ్చుకోవడమే గానీ నీళ్ళలో కాలు పెట్టలేదు. ఇవాళ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి పిక్కలదాకా దిగింది. అల వచ్చి పాదాల కింద ఇసుక లాక్కుపోయింది. కాసేపు నిలబడి వెనక్కి తిరిగింది. ఇసుక దాటి, రోడ్డు దాటి, మెట్టెక్కి, అలవాటుగా గడప బయట ఆగింది, ఉప్పు కాళ్ళు గదా.

అక్కణ్ణుంచి లోపలికి చూసింది. తన ఇంటిని ఆవిడ ఎన్నడూ అక్కడ నిలబడి చూడలేదు. గోడ మీద ఫోటో కనపడుతోంది. కిటికీ పక్కన కుర్చీ, కుర్చీలో పిల్ల. చెవులకి అవి తగిలించుకుని, "ఎస్ మేడమ్" అంటూ నవ్వుతోంది. ఆ కిటికీ పక్కనే పిల్ల ఎక్కాలు చదివింది. అక్కడే పదో తరగతి పరీక్షలకి కూర్చుంది, అక్కడే ఓణీ సరిచేసుకుంది, కాలేజీకి జడ వేసుకుంది.

వెనక వసారా కనపడుతుందేమోనని రత్తాలు మెడ చాచి చూసింది. పొయ్యి గోడ అడ్డం ఉంది. ఈ పక్కకి జరిగింది, ఆ పక్కకి జరిగింది. ఎటునుంచీ కనపడదు. కొండలరావు తన మీద కోపంతో నిలబడ్డాడని కొందరూ, తన చేతి నీళ్ళ కోసం నిలబడ్డాడని కొందరూ అనేవాళ్ళు. తనూ అదే అనుకుని పదకొండేళ్ళు వెనక వసారాలో అటు మొహం పెట్టి బిగుసుకు కూర్చుంది. ఆయనకి అసలు తను కనపడనే లేదు.

క్లాసు అయిపోయి ప్రత్యూష ఇటు తిరిగింది. "అదేంటి నాయనమ్మా, అక్కడే నిలబడిపోయావు? కాళ్ళనిండా ఇసుక. ఉండు, నీళ్ళు తెస్తా."

"తెద్దువుగానిలే" అంది రత్తాలు. "కాసేపు కూర్చో అక్కడ. నిన్ను చూడనీ."